రెండుసార్లు చచ్చిన పంది

ఒకానొక రాజ్యంలో ప్రచండదేవుడనే రాజు ఉండేవాడు. పేరు పుట్టినప్పుడే పెట్టేశారు కాబట్టి అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పల్లా ఆ పేరు నిజమని నమ్మడంలో ఉంది.

ఆ రాజ్యానికి ఉత్తరాన చల్లకొండ ఉండేది. కింద ఊళ్ళల్లో ఎండకి పిట్టలు రాలిపోయే రోజుల్లో కూడా ఆ కొండమీద దుప్పటి కప్పుకుని పడుకోవాల్సిందే. పైన ఏరు, ఏటి మడుగుల్లో చేపలు, చుట్టూ అడవి. వేసవి వచ్చిందంటే జనం పిల్లాజెల్లాతో, చద్దిమూటలతో బళ్ళు కట్టుకుని అక్కడికి చేరేవాళ్ళు. కుర్రకారు గాలాలు వేసేవాళ్ళు. ముసలివాళ్ళు ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. కొండ అందరినీ భరించేది.

కొన్నాళ్ళకి ఆ చల్లగాలి సంగతి రాజుగారి చెవిన పడింది. కొండమీద విడిది మేడ లేచింది. మేడ వెనకాలే నియమాలు వచ్చాయి.

నియమాలు తయారుచేసినవాడు భీమరథుడు. రాజుగారి వేటలన్నీ చూసుకునే అధికారి. కొండమీద ఎగిరేది, పాకేది, ఈదేది, ఏదైనా సరే ప్రభువులదేనని మొదటి నియమం పెట్టాడు. ప్రభువులు ఉన్నప్పుడు ఎవరూ వేటాడకూడదు, గాలం వెయ్యకూడదు. లేనప్పుడు అసలే కూడదు. ఏట్లో మునిగేవాడి పంచెలో చేప చిక్కుకుంటే దానికి దండం పెట్టి వదిలెయ్యాలి. అడవిపంది ఎవరింట్లోకైనా వస్తే దాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు. దానంతట అది వెళ్ళేదాకా ఇంటివాళ్ళు బయట నిలబడాలి. కాదని చెయ్యెత్తినవాడికి ఆ చెయ్యీ ఉండదు, కొండమీద వాడి ఊరూ ఉండదు. ఇదంతా కొండ మొదట్లో డప్పు కొట్టించి మరీ చెప్పించాడు. విహారానికి వచ్చిన జనం ఏటి ఒడ్డున కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న ఎండుచేప నంజుకుంటూ, నీళ్ళలో ఎగిరే చేపలకి దూరంనుంచి దండాలు పెట్టేవాళ్ళు.

మరి రాజుగారి వేట ఎలా ఉండేదంటారా? మంచెమీద పరుపు, పరుపుమీద రాజుగారు, పక్కన మజ్జిగ కూజా. డప్పులవాళ్ళు అడవంతా గాలించి ఏదో ఒక జంతువుని మంచె ముందుకి తరిమేవాళ్ళు. రాజుగారు బాణం వదిలేవారు. సరిగ్గా అప్పుడే పొదలోంచి ఒక వేటగాడు ఇంకో బాణం వదిలేవాడు. జంతువు పడేది. పొదలో వేటగాడు పొదలోనే ఉండిపోయేవాడు. చేపల సంగతీ అంతే. రాజుగారు గాలం వేసే మడుగుకి ముందే అడ్డుకట్ట వేసి, చేపల్ని పస్తులుంచేవాళ్ళు. అవి గాలాన్నే కాదు, రాజుగారి వేలిని చూపించినా నోళ్ళు తెరిచేవి. ఇన్ని చేపల్ని పట్టినందుకు ఆయనకి 'మీనకుల కాలాంతక' అని బిరుదిచ్చారు.

ఆ కొలువులో బేతన అని ఒక కవి ఉండేవాడు. నోరు పదునైనది, కడుపు పెద్దది. నోరు ఒకటి అనబోతే కడుపు అడ్డుపడేది. ఎక్కువసార్లు కడుపే గెలిచేది.

కిందటేడు వేసవిలో ఒక విచిత్రం జరిగింది. మంచె ముందుకి ఒక పెద్ద అడవిపంది వచ్చింది. నొసట తెల్లమచ్చ, ఎడమ కోర మొదలంటా విరిగిపోయి ఉంది. రాజుగారు బాణం వదిలారు. పొదలో వేటగాడికి అప్పుడే తుమ్మొచ్చింది. వాడి బాణం చెట్టుకి తగిలింది. రాజుగారి బాణం మాత్రం, ఎవరూ కలలో కూడా అనుకోనిది, పందికి తగిలింది. అది కూడా వెనకవైపు, తుంటిలో. పంది ఒక్క అరుపు అరిచి అడవిలోకి పోయింది.

దాన్ని వెతుకుతూ ముళ్ళలో, రాళ్ళలో ఎవరు తిరుగుతారు? భీమరథుడు అంతకంటే సుళువైన దారి చూశాడు. దిగువ ఊరినుంచి ఒక ఊరపందిని తెప్పించి, చంపించి, ఒళ్ళంతా మసి పూయించి, నొసట సున్నంతో మచ్చ పెట్టించాడు. కుడివైపు ఒక కోర మైనంతో అతికించి, తుంటిలో రాజుగారి సింహముద్ర ఉన్న బాణం ఇంకొకటి గుచ్చారు. రాజుగారు దాని తలమీద చెయ్యివేసి నిలబడ్డారు. బూరలు ఊదారు. ఒక్క బాణంతో ఘోర వరాహాన్ని నేలకూల్చారు కాబట్టి 'ఏకశర వరాహ సంహారి' అన్నారు. తెల్లమచ్చ, విరిగిన ఎడమ కోర, తుంటిలో దిగిన సింహముద్ర బాణం, ఏదీ వదలకుండా బేతన పద్యం రాశాడు. దాన్ని బండమీద చెక్కించారు. మైనం పట్టు వదిలి కోర జారడం బేతన కళ్ళారా చూశాడు. చూసీ రాశాడు. శాలువా కప్పించుకున్నాడు. ఆ శాలువా కప్పుకున్నప్పుడల్లా ఎందుకో వీపు దురద పెట్టేది.

ఇక అసలు పంది సంగతి. అది చావలేదు. ఇనపమొన లోపలే ఉండిపోయి, పైన చర్మం మూసుకుపోయింది. వెనక కాలు ఈడ్చుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. మందతో పరిగెత్తలేదు, రాతినేల తవ్వి దుంపలు తినలేదు. అలాంటిదానికి మనుషుల ఇళ్ళకంటే సుళువైన చోటు ఏముంటుంది? చల్లకొండ వాలులో తేనెబండ అనే చిన్న గూడెం ఉంది. ఆ ఏడాది పొడుగునా తేనెబండవాళ్ళు తమ ఇళ్ళ బయట మర్యాదగా నిలబడి, లోపల పంది తినే చప్పుడు వింటూ ఉండేవాళ్ళు.

మళ్ళీ వేసవి వచ్చింది. రాజుగారు వచ్చారు, పరివారం వచ్చింది, విహారానికి జనం వచ్చారు. ఒకరోజు పొద్దున్నే తేనెబండలో ఈరమ్మ అనే ఆవిడ కొర్రలు దంచుకుంటోంది. పంది వచ్చి ఏకంగా విత్తనాల గాదెలో తలపెట్టింది. తొలకరికి గూడెమంతా చల్లుకోవాల్సిన గింజలు ఆ గాదెలోనే ఉన్నాయి. ఈరమ్మ బయట నిలబడలేదు. చేతిలో ఉన్న రోకలితో నడినెత్తిన ఒక్కటి వేసింది. పంది అక్కడే పడిపోయింది.

భీమరథుడికి ఆ వార్త విని పండగైంది. తేనెబండ ఉన్న చోటు మంచి మిట్ట, ఎదురుగా జలపాతం. అక్కడ కొత్త డేరాలు వేయించాలని ఆయనకి ఎప్పటినుంచో మనసు. ఈరమ్మని కట్టించి, పందిని బండికెత్తించి, విడిది మండపానికి తోలించాడు. చెయ్యి నరికించాలి, గూడేన్ని ఖాళీ చేయించాలి, ఇదీ ఆయన కోరిక. పందిని మాత్రం దగ్గరికి వెళ్ళి చూడలేదు. ఆయన పందిని దగ్గరగా చూసేది పళ్ళెంలోనే.

కొలువు మొదలవకముందు బేతన మండపం వెనక్కి వెళ్ళాడు. ఈరమ్మ చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఆవిడ ఏడవడం లేదు. దాహం వేస్తోందా అని అడిగి, నీళ్ళు తాగించాడు. చెయ్యి పోతుందని భయంగా ఉందా అని అడిగాడు.

“చెయ్యి పోతే ఇంకో చెయ్యి ఉంది దొరా. గూడెం పోతే తొలకరికి ఇత్తనం ఎక్కడ చల్లుకోవాలి? ఆ నేల మా తాతలు రాళ్ళేరి చేసుకున్నది” అంది ఈరమ్మ. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, “పాపం, అది కుంటిది. తుంటి తడిమితే ఏదో ఇనప ముక్క తగిలింది” అంది.

బేతన బండి దగ్గరికి వెళ్ళాడు. నొసలు చూశాడు, కోర చూశాడు, తుంటి తడిమాడు. కిందటేడు పద్యంలో తను వర్ణించిన పంది తన ఎదురుగా పడి ఉంది. కడుపు ఎప్పట్లాగే జాగ్రత్త చెప్పబోయింది. ఈసారి బేతన వినిపించుకోలేదు.

మండపం నిండా జనం. కొండమీద చూడ్డానికి జలపాతం తప్ప ఏమీ లేనప్పుడు, ఒకరి చెయ్యి నరుకుతారంటే ఎవరు రారు? భీమరథుడు లేచి, రాజద్రోహం దగ్గర్నుంచి మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. ఈరమ్మని అడిగితే, అవును, కొట్టాను అంది. రాజుగారు తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నారు.

బేతన లేచి నమస్కరించాడు. తీర్పుకి ముందు వేటాధికారిగారిని ఒక్క మాట అడగడానికి సెలవిప్పించమన్నాడు. రాజుగారు చెయ్యి ఊపారు.

“అయ్యా, ఈ పందిని చంపింది ఎవరు?” అన్నాడు బేతన.

“ఇంతసేపూ నేను చెప్పింది ఏమిటి? ఈ ఆడది.”

“ఐతే తమరు వెంటనే మనుషుల్ని పంపి, ఆ బండమీద శాసనం చెరిపించాలి.”

రాజుగారి కనుబొమలు పైకి లేచాయి. బేతన పంది దగ్గరికి నడిచాడు.

“నొసట తెల్లమచ్చ. ఎడమ కోర లేదు. ఇక తుంటి” అంటూ పక్కనున్న భటుడి కత్తి తీసుకుని చర్మం చీల్చి, ఇనపమొన బయటికి తీసి, పంచెతో తుడిచి పైకెత్తాడు. దానిమీద సింహముద్ర అందరికీ కనపడింది. “ప్రభూ, తమరు కిందటేడు ఒక్క బాణంతో సంహరించిన వరాహం ఇదే. శాసనంలో ఉంది. రాసినవాణ్ణి నేనే. ప్రభువులు చంపేసిన పందిని ఈవిడ మళ్ళీ ఎలా చంపుతుంది? చచ్చినదాన్ని రోకలితో కొట్టడం తప్పని నియమాల్లో ఎక్కడా లేదు.”

భీమరథుడు ఎగిరిపడ్డాడు. అది పొద్దుటిదాకా బతికే ఉందన్నాడు. కళ్ళముందు తిరుగుతోందన్నాడు.

“అంటే ప్రభువుల బాణానికి అది చావలేదంటారు. ఆ మాట కొంచెం గట్టిగా అనండి, వెనకాల ఉన్నవాళ్ళకి వినపడటం లేదు” అన్నాడు బేతన.

భీమరథుడు గట్టిగా అనలేదు. మెల్లిగా కూడా అనలేదు. కాసేపటికి దారి దొరికినట్టు మొహం పెట్టి, ఇది వేరే పంది అన్నాడు. మరి ప్రభువుల బాణం ఈ వేరే పంది తుంటిలోకి ఎలా వచ్చిందని బేతన అడిగాడు. ఒక బాణం ఒక పందిని చంపి, అందులోంచి లేచి, ఇంకో పందిని వెతుక్కుంటూ వెళ్ళిందా అన్నాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

రాజుగారు నవ్వలేదు. తన కుడిచేతివంక చూసుకుంటున్నారు. కిందటేడు ఆ పంది తలమీద చెయ్యివేసినప్పుడు అరచేతికి తెల్లగా అంటుకుంది. అదేమిటని అడిగితే అడవి బూడిద అని చెప్పింది భీమరథుడే. ఆ సాయంత్రం విందులో మాంసం మరీ మెత్తగా ఉందని తను మెచ్చుకోవడం కూడా గుర్తొచ్చింది. ఆయన మొహం మెల్లగా ఎర్రబడింది.

రాజుని మూలకి తోసినవాడు తనూ ఆ మూలలోనే ఇరుక్కుంటాడని బేతనకి తెలుసు. వెంటనే గొంతు మార్చి, రాజుగారు బయటపడటానికి ఒక తలుపు తెరిచాడు.

“ప్రభూ, మామూలు బాణమైతే తగలగానే చంపుతుంది. తమ బాణం అలాంటిది కాదు. తొందరపడదు. దీన్ని ఏడాదిగా చంపుతూనే ఉంది. పొద్దున మిగిలిన కాస్త పనీ ఈవిడ రోకలి పూర్తిచేసింది. రాజుగారి పనిలో చెయ్యివేసిన మనిషికి ఆ చెయ్యి తీసెయ్యడం ధర్మమేనా?”

ఆ మాటకి జనం ఘొల్లుమన్నారు. రాజుగారికీ పెదవులు కదిలాయి కానీ ఆపుకున్నారు. చేతికట్లు విప్పమన్నారు. ఈరమ్మ చెయ్యి దక్కింది. కానీ నియమం నియమమేననీ, రాజు మాట వెనక్కి పోదనీ, వచ్చే అమావాస్యకి గూడెం ఖాళీ చెయ్యాల్సిందేననీ అన్నారు. భీమరథుడికి ప్రాణం లేచొచ్చింది. బేతన తలవంచుకున్నాడు. గెలిచింది సగమే, అదీ చిన్న సగం.

రాజుగారు అక్కడితో లేచిపోతే బాగుండేది. కానీ ఇంతమంది ముందు నవ్వులపాలయ్యాక ఒక పొగడ్త వినకుండా లేవడం ఆయనకి చేతకాలేదు. ఏడాదిపాటు పనిచేసిన తమ బాణం గురించి గూడెంలో ఏమనుకుంటారని ఈరమ్మని అడిగారు.

“బాణం గురించి ఏం అనుకుంటాం దొరా. దాన్ని ఏసినోడి గురించి అనుకుంటాం.”

“ఏమనుకుంటారు?”

“దెబ్బ తిన్నదాన్ని ఎతకకుండా ఇంటికొచ్చినోడికి మా గూడెంలో ఆ పూట కూడు పెట్టం. అది ఆకలితో ఎట్టా తిరుగుతుందో ఆడికీ తెలవాలని.”

రాజుగారు భీమరథుడివంక చూశారు, తప్పు అటువైపు తోసెయ్యడానికి దారి ఉందేమోనని. కానీ ముద్ర ఎవరిదో అందరూ అప్పటికే చూశారు. ఇక ఆయన గుండెనిండా గాలి పీల్చుకుని, ప్రజల ఆచారాలంటే తమకి గౌరవమనీ, మర్నాడు తెల్లవారేదాకా ఉపవాసం చేస్తామనీ ప్రకటించారు. భట్రాజులు అక్కడికక్కడే 'ఉపవాస ధీర' అని ఇంకో బిరుదు కలిపారు. కొలువు ముగుస్తుంటే ఈరమ్మ ఆ పందిని గూడేనికి ఇప్పించమంది. తీసుకుపొమ్మన్నారు రాజుగారు.

మధ్యాహ్నం వరకు ఉపవాసం బాగానే సాగింది. తర్వాతే కష్టమైంది. రాజుగారికి పుట్టి బుద్ధెరిగాక ఆకలంటే ఏమిటో తెలీదు. తెలిసేలోగా ఎవరో ఒకరు పళ్ళెం పెట్టేసేవాళ్ళు. పొద్దు వాలేసరికి కళ్ళు తిరిగాయి. వంటవాళ్ళమీద కోపం వచ్చింది, వాళ్ళేమీ చెయ్యకపోయినా. ఇంతలో తేనెబండ వైపునుంచి గాలి తిరిగింది. కాలుతున్న మాంసం వాసన, కొండమిరియం వాసన, వాటితోపాటు డప్పులు. రాజుగారు కిటికీ మూయించారు. వాసనకి కిటికీతో పనేముంది? కాస్త కబుర్లతో కాలక్షేపం చేద్దామని బేతనని పిలవమన్నారు. బేతనగారు తేనెబండకి భోజనానికి వెళ్ళారని భటుడు నేలచూపులు చూస్తూ చెప్పాడు.

మర్నాడు పొద్దున బేతన తిరిగొచ్చేసరికి రాజుగారు మంచంమీద కూర్చుని ఉన్నారు. జుట్టు రేగిపోయింది. బేతన చేతిలో అడ్డాకు పొట్లం ఉంది. ఈరమ్మ పంపిందన్నాడు.

“గూడెంలోంచి వెళ్ళగొడుతున్నానుగా. నాకెందుకు పంపింది?”

“నేనూ అదే అడిగాను ప్రభూ. వేటలో దెబ్బ కొట్టిన ప్రతివాడికీ వాటా ఉంటుందట. పగవాడైనా సరే, ఎగ్గొట్టకూడదట. పైగా, రాత్రంతా ఏమీ తినలేదు కదా, పాపం ఎంత ఆకలితో ఉన్నాడో అంది.”

రాజుగారు పొట్లం విప్పారు. లోపల దోరగా కాల్చిన తోక ఉంది. అంతకంటే ఏమీ లేదు.

“ఇదేమిటి?”

“తోక ప్రభూ. వాళ్ళ ఆచారం అది. ఎవరి దెబ్బ ఎక్కడ తగిలితే అక్కడే వాళ్ళ వాటా. తలమీద కొట్టినవాళ్ళకి తల, గుండెలో కొట్టినవాళ్ళకి గుండెకాయ. ఈరమ్మకి తల వచ్చింది. ఇనపమొన వల్ల తుంటి మాంసమంతా చెడిపోయిందనీ, తమ వాటాకి ఆ వైపున తోక తప్ప ఏమీ మిగల్లేదనీ వాళ్ళూ చాలా బాధపడ్డారు.”

బేతన చెప్పడమైతే చెప్పాడు గాని, తన తల ఇంకెంతసేపు భుజాలమీద ఉంటుందో అతనికే తెలీదు. రాజుగారు తోకని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇన్నేళ్ళుగా బూరలు ఊదించుకున్నారు, బండలు చెక్కించుకున్నారు. తన చేత్తో తను కొట్టి సంపాదించిన మొట్టమొదటి వేట ఇదే. ముందు ముక్కుతో నవ్వారు. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వులోనే తోక కొరికారు. ఎముక కూడా వదలకుండా చీకి, వేళ్ళు నాక్కున్నారు.

“ఒక్క పూటకే నాకిలా ఉంది బేతనా. వాళ్ళని ఏడాదిపాటు గుమ్మం బయట నిలబెట్టి పందికి అన్నం పెట్టించాను” అన్నారు.

ఆ పొద్దునే గూడెం ఖాళీ మాట రద్దయింది. తిండిగింజల మీదికి వచ్చిన జంతువుని ఎవరైనా కొట్టవచ్చన్నారు. విహారానికి వచ్చినవాళ్ళు ఎవరి గాలం వాళ్ళు వేసుకోవచ్చన్నారు. భీమరథుణ్ణి తేనెబండ చేలకి కావలి పెట్టారు, మంచెమీద, పరుపు లేకుండా. రాజుగారు తన చేతి కంకణం తీసి బేతన చేతికి తొడిగారు. బేతన వంగి దండం పెట్టి, దెబ్బ కొట్టినవాడు వెంటపడి వెతికి తీరాలన్న తేనెబండ ఆచారాన్ని కూడా నియమాల్లో చేర్చమని అడిగాడు. రాజుగారు సరేనన్నారు.

ఆ నియమం చేరాక రాజుగారు విల్లు ముట్టుకోలేదు. ముళ్ళలో, రాళ్ళలో కాలినడకన తిరిగేటంత పౌరుషం ఏ బిరుదూ ఇవ్వలేకపోయింది. ఏటి ఒడ్డున జనం మధ్య కూర్చుని గాలం వేసేవారు. పస్తులు లేని చేపలు ఆయన గాలంవంక కన్నెత్తి చూసేవి కావు. పక్కన కూర్చున్న ముసలివాళ్ళు జాలిపడి తమ చేపల్లోంచి ఒకటి ఇచ్చేవాళ్ళు.

కథ కొండ దిగింది, మనమూ దిగుదాం.